పాత ఫోటోగ్రాఫర్ల పేర్లు, వివరాలు ఎలా నమోదు చేయాలి? గోదావరి డెల్టా చరిత్రకారుల తరచు ప్రశ్నలు

గోదావరి డెల్టా పట్టణాలలో నూరేళ్ళ కిందట కెమెరా పట్టినవారిని జిల్లా చరిత్రలలోకి, విజ్ఞాన సర్వస్వాలలోకి, గ్రంథాలయ సూచికలలోకి ఎక్కించాలని పూనుకున్నవారు అడిగే సందేహాలు ఇంచుమించు ఒక్కటే. ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాసే బదులు, ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే, పని సాగే వరుసలో ఇక్కడ కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా ఊళ్ళో స్టూడియో పెట్టిన ప్రతివారి మీదా వ్యాసం రాయవచ్చా?

రాయనక్కరలేదు. కుటుంబంతో, స్టూడియోతో సంబంధం లేనివారు ఆయన గురించి ఎక్కడైనా నాలుగు మాటలు రాసి ఉంటే, అంటే ఒక పత్రికలోనో ఒక ఆత్మకథలోనో ఒక ప్రదర్శనశాల సూచికలోనో ప్రస్తావన దొరికితే, వ్యాసానికి పునాది ఉన్నట్టు. దొరక్కపోతే ఆ పట్టణం మీది వ్యాసంలో గానీ, ఫోటోగ్రాఫర్ల జాబితాలో గానీ ఒక వరుస కేటాయించండి. పేరు, స్టూడియో ఉన్న వీధి, పని చేసినట్టు తెలిసిన ఏళ్ళు, ఆధారం ఉన్న ఆ ఒక్క వరుస, పొగడ్తలతో నింపిన మూడు పేజీల వ్యాసం కన్నా తరువాతివారికి ఎక్కువ పనికివస్తుంది.

"ఛాయాచిత్రకారుడు" అనాలా, "ఫోటోగ్రాఫరు" అనాలా?

"ఫోటోగ్రాఫరు" అనే రాయమంటాను. ఆ రోజుల్లో ఫోటోలు అంటించే అట్టల మీద వాళ్ళు అచ్చు వేయించుకున్నదీ, ఊళ్ళో జనం పిలిచిందీ ఆ మాటతోనే. "ఛాయాగ్రాహకుడు" అంటే ఇవాళ పాఠకుడికి సినిమా కెమెరా మనిషి గుర్తుకు వస్తాడు కాబట్టి, స్టూడియో మనిషికి ఆ మాట వాడితే తికమక తప్పదు.

ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది ఆధారంగా చెల్లుతుందా?

చెల్లుతుంది గానీ, అది ఎవరు ఎప్పుడు చెప్పిన మాటో రాసి ఉంచితేనే. "మా తాతగారు కాకినాడలో నేర్చుకుని ఇక్కడికి వచ్చారట" అన్న వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకుని, చెప్పినవారికీ ఆయనకూ బంధుత్వం ఏమిటో, ఆయనను చెప్పినవారు స్వయంగా చూశారో లేదో పక్కన చేర్చండి. పెద్దవాళ్ళు ఏళ్ళు తప్పుగా చెప్పినా వరుసలు సాధారణంగా తప్పరు. "పెద్దక్కయ్య పెళ్ళికి ముందు", "గాలివాన వచ్చిన మరుసటేడు" వంటి గుర్తులు సూటిగా చెప్పిన సంవత్సరం కన్నా నమ్మదగినవి.

## ఆధారాలు సేకరించేటప్పుడు

ఫోటోలో ఎక్కడెక్కడ వెతకాలి? ముందువైపు ఏమీ రాసి లేదు.

ముందుగా అట్ట. పాత ఫోటో కాగితం పల్చగా ఉండి చుట్టుకుపోతుంది కాబట్టి దానిని దళసరి అట్టకు అంటించి ఇచ్చేవారు. స్టూడియో పేరు ఆ అట్ట కింది అంచున బంగారు రంగులోనో, వెనుకవైపు పెద్ద అలంకారంతోనో ఉంటుంది. కొన్నిటి మీద సిరా లేకుండా అక్షరాలను అట్టలోకి నొక్కి వదిలేస్తారు. ఇవి మామూలు వెలుతురులో కంటికి ఆనవు. గది చీకటి చేసి, టార్చిలైటును అట్టకు దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేస్తే, గుంటల్లో నీడ పడి అక్షరం తర్వాత అక్షరం లేస్తుంది. పాలకొల్లులో ఒక ఇంట్లో చూసిన అట్టను అందరూ ఖాళీ అట్ట అనే అనుకున్నారు. పక్క వెలుతురులో కింది మూల ఊరి పేరు, దాని ముందు రెండు పొడి అక్షరాలు కనిపించాయి.

అట్ట కొలత కూడా రాసుకోండి. సుమారు 4 అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు ఉంటే అది 1854లో పారిస్‌లో డిస్దెరి అనే ఫోటోగ్రాఫరు పేటెంటు తీసుకున్న విజిటింగ్ కార్డు కొలత. 6½ అంగుళాల పొడవు, 4¼ అంగుళాల వెడల్పు ఉంటే 1866 నుంచి వాడుకలోకి వచ్చిన కేబినెట్ కార్డు. ఇవి ఫోటో అంతకు ముందుది కాదని మాత్రమే చెబుతాయి. కొలత పాతబడినా మన ఊళ్ళలో చాలా ఏళ్ళు వాడారు కాబట్టి, తరువాతిది కాదని చెప్పలేవు.

చట్రంలో ఉన్నదాన్ని విప్పాలంటే వానాకాలం పోనివ్వండి. డెల్టా తేమకు ఫోటో పొర అద్దానికి అతుక్కుని ఉంటుంది, లాగితే మొహమే ఊడివస్తుంది.

వెనుక స్టూడియో ముద్ర ఉంది కదా, ఆయనే తీసినట్టు రాసేయవచ్చా?

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మన ప్రాంతంలో తాతముత్తాతల చిన్న ఫోటోను తరువాతి తరం ఏదో ఒక స్టూడియోకు తీసుకువెళ్ళి, పెద్దది చేయించి, మాసిన చోట్ల బ్రష్షుతో దిద్దించి, పూలదండ వేసి గోడకు తగిలించడం పరిపాటి. ఆ పెద్ద ఫోటో వెనుక ఉన్నది నకలు తీసినవారి ముద్ర. 1910 నాటి మనిషి బొమ్మ మీద 1960 నాటి స్టూడియో ముద్ర ఉండటానికి కారణం అదే.

నకలును పట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. అసలు అట్ట అంచు గీతగా బొమ్మలోకి వచ్చి ఉంటుంది. నాలుగు మూలల్లో గుండుసూదుల నీడలు పడి ఉండవచ్చు. పాత కాగితం మీది మడత గానీ పురుగు కొట్టిన రంధ్రం గానీ కొత్త కాగితం మీద చేతికి తగలకుండా కంటికి మాత్రమే కనిపిస్తుంది. మీసం, కనుబొమలు, అంచు జరీ మాత్రం పదునుగా ఉండి చెంపలు మసకగా ఉంటే, అక్కడ బ్రష్షు ఆడిందని అర్థం. ఇటువంటి ఫోటోకు "ముద్ర ఫలానా స్టూడియోది, నకలు కావచ్చు, అసలు తీసినవారు తెలియదు" అని మూడు విషయాలూ మూడుగా నమోదు చేయండి.

అచ్చు ఆధారాలు ఎక్కడ వెతకాలి?

స్టూడియోలవారు పత్రికలలో ప్రకటనలు ఇచ్చేవారు. బందరు నుంచి 1902లో మొదలైన కృష్ణా పత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసు నుంచి దినపత్రికైన ఆంధ్రపత్రిక పాత సంచికలను ఓపికగా తిప్పాలి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలోని సారస్వత నికేతనం ఈ పనికి తలుపు తట్టదగినవి. ఇంగ్లీషులో మద్రాసు అసైలమ్ ప్రెస్ ఆల్మనాక్, థాకర్స్ డైరెక్టరీ వంటివి వృత్తులవారీగా పేర్లు ఇస్తాయి. డైరెక్టరీలో పేరు లేనంత మాత్రాన మనిషి లేడని కాదు. పడవ మీద కాలువ వెంబడి ఊరూరా తిరిగి ఫోటోలు తీసినవారి చిరునామా ఏ డైరెక్టరీకి దొరుకుతుంది?

## పేరు నిర్ణయించేటప్పుడు

ఒకే మనిషి పేరు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంది. శీర్షికగా ఏది పెట్టాలి?

ఆయన స్వయంగా తెలుగులో రాసుకున్న రూపం దొరికితే అదే శీర్షిక. అది దొరకకపోతే ఆయన జీవించి ఉండగా తెలుగులో అచ్చయిన రూపం, అదీ లేకపోతే ఇంగ్లీషు ముద్రలోని రూపాన్ని తెలుగు పలుకుబడికి మార్చి పెట్టండి. అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగును అక్షరానికి అక్షరం తెలుగులోకి దింపకూడదు. రావు అన్న మాటను ఆర్-ఓ-డబ్ల్యూ అని రాసిన కాలం అది. దాన్ని చూసి "రో" అని తెలుగులో రాసిన జాబితాలు నా కంట పడ్డాయి. నాయుడుకు చివర రెండు ఓలు, చెట్టికి చివర వై తగిలించినా మనిషి మారడు.

శీర్షికకు ఎక్కని రూపాలను పారేయకండి. ప్రతి రూపాన్నీ, అది ఏ ఏట ఏ వస్తువు మీద కనిపించిందో చేర్చి వ్యాసంలో ఉంచండి. తెలుగు వికీపీడియాలో అయితే వాటి నుంచి దారిమార్పులు, అంటే వెతికినవారిని అసలు వ్యాసానికి చేర్చే లింకులు, పెట్టండి. వెతికేవాడు తన చేతిలోని అట్ట మీద ఉన్న స్పెల్లింగుతోనే వెతుకుతాడు.

ఇంటిపేరు ముందు రాయాలా, చివర రాయాలా?

తెలుగు శీర్షికలో ఇంటిపేరు ముందే ఉండాలి: కందుకూరి వీరేశలింగం, దామెర్ల రామారావు అన్నట్టు. మధ్యలో కామా అక్కరలేదు, ఎందుకంటే మన వరుసే సూచికల వరుస. ఇంగ్లీషు సూచికల నుంచి వివరాలు ఎత్తి రాసేటప్పుడు జాగ్రత్త పడాలి. అక్కడ చివరి మాటను ఇంటిపేరుగా భావించి ముందుకు తెచ్చే అలవాటు ఉంది కాబట్టి, ఇంటిపేరూ వ్యక్తి పేరూ తారుమారై ఒకే మనిషి రెండు చోట్ల చేరి ఉండవచ్చు. మిషన్లలో చేరిన క్రైస్తవ కుటుంబాలలో కొందరు ఇంటిపేరును చివరికి మార్చుకున్నారు. వారి విషయంలో వారు రాసుకున్న వరుసనే పాటించండి.

పంతులు, నాయుడు, రాజా వంటివి పేరులో భాగమా, గౌరవమా?

ఆయన తన పేరుతో పాటు ఎప్పుడూ రాసుకుంటే భాగమే, ఇతరులు మాత్రమే తగిలిస్తే గౌరవమే. "గారు", "శ్రీ" ఎప్పుడూ శీర్షికలోకి రావు. ఈ చిక్కు పెద్దవారికీ తప్పలేదు. మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్ళి ఫోటో స్టూడియో నడిపి, తరువాత తెలుగు సినిమాకు ఆద్యుడైన వ్యక్తి పేరు ప్రభుత్వ పురస్కారంలో "రఘుపతి వెంకయ్య" అని ఉంటుంది, పలు రచనలలో చివర "నాయుడు" చేరుతుంది. రెండూ తప్పు కాదు, ఒకటి శీర్షికై రెండోది దారిమార్పు కావాలి, అంతే.

బిరుదుకు తేదీ ఉంటుందన్నది మరవకూడదు. 1844లో పుట్టి 1905లో పోయిన దీన్ దయాళ్ మొదట లాలా దీన్ దయాళ్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరై, ఆయన బిరుదు ఇచ్చిన తరువాతే రాజా దీన్ దయాళ్. బిరుదు రాకముందు తీసిన ఫోటో కింద "రాజా" అని ఉంటే ఆ రాత తరువాతి కాలానిదని తెలుస్తుంది. అంటే బిరుదు తేదీ ఫోటోను కాకపోయినా దాని మీది రాతను కాలంలో నిలబెడుతుంది. శీర్షికకు మాత్రం ఎక్కువమంది ఎరిగిన రూపాన్నే ఎంచుకోవాలి.

పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. వాటిని నేనే విప్పి రాయవచ్చా?

రాయకూడదు. "ఎస్." అంటే సత్తి కావచ్చు, సూరంపూడి కావచ్చు, ఇంటిపేరే కాకపోవచ్చు. రెండో ఆధారం దొరికేదాకా పొడి అక్షరాలతోనే ఉంచండి.

ఇందులో నేనూ పప్పులో కాలేశాను. ఒక అట్ట మీద చిన్న అక్షరాలతో ఉన్న "ప్రొ." అన్నదాన్ని పొడి అక్షరం అనుకుని "పి." అని చేర్చి, ఒక జాబితాలో అచ్చు వేయించాను. అది ప్రొప్రయిటరు అన్న మాటకు పొట్టి రూపమని తెలిసేసరికి ఆ లేని పి. మరో ఇద్దరి వ్యాసాలలోకి ఎక్కింది. దిద్దించడానికి నాకు రాసినదానికన్నా ఎక్కువ కాలం పట్టింది.

స్టూడియో పేరు, మనిషి పేరు ఒకటే అయితే ఎన్ని నమోదులు చేయాలి?

రెండు. మనిషికి జననం, మరణం ఉంటాయి. స్టూడియోకు ప్రారంభం, చేతులు మారడం, మూత ఉంటాయి. బోర్న్ అండ్ షెపర్డ్ దీనికి తిరుగులేని ఉదాహరణ. శామ్యూల్ బోర్న్ 1870 ప్రాంతంలోనే ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు, ఆయన పేరు మోసిన కలకత్తా స్టూడియో 2016 వరకు నడిచింది. దాని ముద్ర ఉన్న ప్రతి ఫోటోనూ బోర్న్ ఖాతాలో వేస్తే ఆయన చనిపోయిన తరువాత కూడా ఫోటోలు తీసినట్టవుతుంది. మన పట్టణాలలో తండ్రి పేరిట పెట్టిన స్టూడియోను కొడుకులు, అల్లుళ్ళు, చివరికి అందులో పని నేర్చుకున్న కుర్రవాడు కొనుక్కుని అదే బోర్డుతో నడిపిన సందర్భాలు అనేకం. తీసిన మనిషి ఎవరో రుజువు కానప్పుడు ఫోటోను స్టూడియో ఖాతాలోనే ఉంచండి.

ఒకే పేరుతో ఇద్దరు తేలారు. ఎలా విడదీయాలి?

ఊరితో విడదీయండి, అది చాలకపోతే పని చేసిన ఏళ్ళతో. శీర్షిక చివర కుండలీకరణాలలో "ఫోటోగ్రాఫరు, అమలాపురం" అన్నట్టు చేర్చి, ఒకే పేరున్నవారిని విడివిడిగా చూపే అయోమయ నివృత్తి పేజీ పెట్టండి. మనుమడికి తాత పేరు పెట్టుకునే ఆచారం వల్ల తాతామనుమలు ఒకే పేరుతో ఒకే వృత్తిలో ఉండటం మనవైపు మామూలే. నలభై ఏళ్ళకు పైగా విరామం ఉన్న రెండు ఆధారాలు ఒకే పేరుతో దొరికితే ముందు ఆ అనుమానమే పడాలి. తేలేదాకా ఇద్దరిగా ఉంచడమే మేలు. విడిగా ఉన్న రెండింటిని కలపడం నిమిషం పని, కలిసిపోయినవాటిని విడదీయడం చాలా కష్టం.

పేరు అసలే తెలియకపోతే?

"పేరు తెలియని ఫోటోగ్రాఫరు" అని రాసి, ఊరు తెలిస్తే అదీ చేర్చండి. ఒకే చేతి పనిగా కనిపించే ఫోటోలు కొన్ని ఉంటే, వాటిలో పదే పదే వచ్చే వస్తువుతో గుర్తించవచ్చు. వెనుక తెర మీద గీసిన మెట్లు, ఒక కాలు విరిగి అతికించిన గుండ్రటి బల్ల, నేల మీది గళ్ళ తివాచీ అటువంటివి.

## కాలం, ఊరు రాసేటప్పుడు

పుట్టిన ఏడు, పోయిన ఏడు తెలియవు. ఖాళీగా వదిలేయాలా?

వదలవద్దు. ఆయన పని చేస్తున్నట్టు రుజువైన మొదటి ఏడు, చివరి ఏడు ఇచ్చి "కృషి కాలం" అని రాయండి. 1908లో ఒక ప్రకటన, 1921 తేదీ ఉన్న ఒక పెళ్ళి ఫోటో దొరికితే "కృషి కాలం: 1908–1921" అవుతుంది. ఈ అంకెలను జనన మరణాల గడిలో వేయకండి. పదమూడేళ్ళు బతికిన ఫోటోగ్రాఫర్లు అలాగే పుట్టుకొస్తున్నారు.

వెనుక "ఆనంద నామ సంవత్సర మాఘ మాసం" అని రాసి ఉంది. ఏ ఏడు అనుకోవాలి?

తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి. ఆనంద 1854–55లో, 1914–15లో, 1974–75లో వచ్చింది. అట్ట తీరు, బట్టలు, కాగితం చూస్తే మూడింటిలో ఏదో సాధారణంగా తేలిపోతుంది. అసలు మెలిక నెలతో వస్తుంది. సంవత్సరం ఉగాదితో మారుతుంది కాబట్టి, 1914 ఉగాదికి మొదలైన ఆనందలో మాఘ మాసం 1915లో పడుతుంది. రాసిన మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసి, మీ లెక్కను పక్కన విడిగా ఇవ్వండి.

ఫోటోలో గోదావరి వంతెన కనిపిస్తోంది. దాంతో కాలం చెప్పవచ్చా?

ఏ వంతెనో తేల్చుకుంటే కొంత చెప్పవచ్చు. రాజమహేంద్రవరం దగ్గర హేవలాక్ వంతెన మీద రైళ్ళు 1900లో నడవడం మొదలైంది. రోడ్డు, రైలు రెండూ ఉన్న వంతెన 1974లో, విల్లు ఆకారపు వంతెన 1997లో వాడకంలోకి వచ్చాయి. స్టూడియో తెర మీద వంతెన బొమ్మ గీయించుకున్నవారూ ఉన్నారు కాబట్టి, నీళ్ళ మీద నీడ ఉందో లేదో ముందు చూడండి.

1910లో అమలాపురంలో పని చేసిన వ్యక్తికి ఏ జిల్లా రాయాలి?

అప్పటి పేరు రాసి, ఇప్పటి పేరు పక్కన చేర్చండి: "అమలాపురం, గోదావరి జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ (ఇప్పుడు డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా)". తూర్పు గోదావరి అన్న పేరు 1925లో వచ్చింది, కోనసీమ జిల్లా 2022లో ఏర్పడింది. అట్టల మీద కాకినాడకు కొకనాడ అని, ఏలూరుకు ఎల్లోర్ అని ఉంటాయి. వాటిని వేరే ఊళ్ళుగా నమోదు చేసిన సూచికలూ ఉన్నాయి.

యానాం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 1954 దాకా అది ఫ్రెంచి పాలనలో ఉంది. 1930లో బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం అమలులోకి వచ్చాక ఇటువైపు కుటుంబాలు చిన్నపిల్లల పెళ్ళిళ్ళు అక్కడికి వెళ్ళి చేసినందువల్ల, పెళ్ళి జరిగిన చోటు, దంపతుల ఊరు, స్టూడియో ఉన్న పట్టణం మూడూ వేరు కావచ్చు.

బొమ్మలో ఉన్న చోటే ఫోటోగ్రాఫరు ఊరు అనుకోవచ్చా?

అనుకోకూడదు. లినేయస్ ట్రైప్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫరు తీసిన అమరావతి శిల్పాల ఫోటోలు కృష్ణ ఒడ్డున తీసినవి కావు. శిల్పాలు మద్రాసు చేరిన తరువాత, 1858లో అక్కడ తీసినవి. వస్తువు ఊరు, ఫోటో తీసిన ఊరు, తీసినవారి ఊరు అని మూడు గడులు పెట్టుకుంటే ఈ చిక్కు రాదు.

## రాసేటప్పుడు, రాసిన తరువాత

"ఆంధ్రదేశంలో మొట్టమొదటి ఫోటోగ్రాఫరు" అని కుటుంబం అంటోంది. రాయనా?

రాయవద్దు. మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1856లోనే ఏర్పడింది. అంత పాత రంగంలో మొదటివాడని చెప్పాలంటే ముందు ఎవరూ లేరని చూపాలి, అది ఎవరి తరమూ కాదు. "ఈ పట్టణంలో పని చేసినట్టు ఆధారం దొరికినవారిలో పాతవారు" అనండి. మరొకరు దొరికితే ఆ ఒక్క వాక్యం మారుతుంది, వ్యాసం పరువు పోదు.

ఆయన ఫోటోలను వ్యాసంలో పెట్టడానికి కాపీరైటు అడ్డు వస్తుందా?

1958 జనవరి 21న ఇప్పటి చట్టం అమలులోకి రాకముందు తీసిన ఫోటోలకు, పాత చట్టం ప్రకారం నెగెటివు తయారైన నాటి నుంచి 50 ఏళ్ళ రక్షణ ఉండేది. కాబట్టి 1920లలో, 1930లలో ఇక్కడ తీసినవాటి గడువు ఎప్పుడో తీరింది. 2012 సవరణ తరువాత ఫోటోలకు ఫోటోగ్రాఫరు జీవితకాలం మీద 60 ఏళ్ళు వర్తిస్తుంది. గడువు తీరినా, అట్ట ఎవరి పెట్టెలో ఉందో వారిని అడగకుండా స్కాను చేసి పెట్టడం మర్యాద కాదు. స్కాను చేసేటప్పుడు వెనుకవైపు కూడా చేయండి, సగం చరిత్ర అక్కడే ఉంటుంది.

మునిమనుమల పేర్లు, ఫోను నంబర్లు ఇస్తే ఇతరులకు ఉపయోగం కదా?

ఇవ్వకండి. "కుటుంబ సభ్యుల వద్ద ఉన్న అట్ట" అంటే చాలు.

వికీడేటా, వయాఫ్ వంటి సంఖ్యలు ఎందుకు?

స్పెల్లింగులు ఎన్ని మారినా మనిషి ఒక్కడేనని యంత్రానికి తెలియడానికి. వికీపీడియాకు అనుబంధంగా ఉన్న సమాచార నిధి వికీడేటాలో ఒక అంశం సృష్టించి, తెలుగు పేరును తెలుగు లిపిలో, ముద్రల మీది స్పెల్లింగులన్నిటినీ ఇతర పేర్లుగా చేర్చండి. గ్రంథాలయాల ఉమ్మడి పేర్ల పట్టిక అయిన వయాఫ్‌లో, కళాకారుల కోసం గెట్టీ సంస్థ నడిపే పేర్ల పట్టిక యూలాన్‌లో ఆయన ఇప్పటికే ఉంటే ఆ సంఖ్యలను జతచేయండి. పేరు ఒకటే అని జతచేయకండి, ఊరు, కాలం కూడా కలవాలి.

అచ్చయిన తరువాత తప్పు బయటపడింది. పాత పేరు తీసేయనా?

తీసేయకండి. సరైన పేరును శీర్షిక చేసి, పాత పేరును "ఫలానా ఏడు ఫలానా జాబితాలో పొరపాటున ఇలా నమోదైంది" అన్న వాక్యంతో నిలపండి. ఆ జాబితా పుస్తకం చేతిలో పట్టుకుని వచ్చేవాడికి ఆ వాక్యం కనిపించకపోతే, ఇంకో మనిషి దొరికాడనుకుని కొత్త వ్యాసం మొదలుపెడతాడు. పొడి అక్షరాల ప్రశ్నకు జవాబులో చెప్పిన నా "పి." కథలో సరిగ్గా అదే జరిగింది.